గ్రూపులో వచ్చిన పీడీఎఫ్ తరగతి గది దాకా వెళ్లాలంటే: ప్రైమరీ టీచర్లకు ఒక గైడ్

మండలం వాట్సాప్ గ్రూపులో రోజుకో పీడీఎఫ్ వస్తుంది. "రెండో తరగతి తెలుగు వర్క్‌షీట్లు, అందరికీ ఉపయోగపడతాయి" అని ఒక లైను, కింద నమస్కారం బొమ్మ. తెరిచి చూస్తే వంద పేజీలు. ఎవరు తయారుచేశారో తెలియదు, ఎవరైనా పిల్లలతో చేయించి చూశారో లేదో తెలియదు, మన పిల్లలకు అందులో ఏ పేజీ పనికొస్తుందో అసలే తెలియదు. ప్రైమరీ బడికి ఆన్‌లైన్‌లో మెటీరియల్ కరువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు దొరకనిదల్లా "దీన్ని ఫలానా పిల్లలతో వాడాను, ఇలా జరిగింది" అని చెప్పే నాలుగు ముక్కలే. అందుకే ఇందులో వెతకడం గురించి ఎంత ఉంటుందో, ఆ నాలుగు ముక్కలు రాసి పంచుకోవడం గురించీ అంత ఉంటుంది.

ఒకటి నుంచి ఐదు వరకు చెప్పే ఎస్‌జీటీల (సెకండరీ గ్రేడ్ టీచర్ల) కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఇద్దరు టీచర్లే ఐదు తరగతులూ చూసుకునే బడుల్లో ఉన్నవాళ్ల కోసం.

ముందు పిల్లల నోట్‌బుక్ తెరవండి

"మూడో తరగతి గణితం" అని వెతికితే వచ్చేదానికి అంతుండదు. ఫోన్ పక్కన పెట్టి పిల్లల నోట్‌బుక్‌లు ముందేసుకోండి. తప్పు ఎన్ని లెక్కల్లో వచ్చిందన్నది తర్వాత చూడొచ్చు, ముందు ఎలా వచ్చిందో చూడండి. 52 లోంచి 27 తీసేయమంటే ఒక పాప 35 వేసింది అనుకుందాం. రెండంకెల్లో చిన్నది పెద్దదాంట్లోంచి తీసేయడమే తీసివేత అని ఆ పాప అనుకుంటోంది. 7 లోంచి 2 పోతే 5, 5 లోంచి 2 పోతే 3. పక్కనున్న బాబు అదే లెక్కకు 79 వేశాడు. వాడు తీసివేత గుర్తు చూడనే లేదు, కూడేశాడు. ఇద్దరికీ తప్పే వచ్చింది కానీ ఇద్దరికీ ఒకే వర్క్‌షీట్ ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు. పాపకు పదుల కట్ట విప్పి ఒకట్లు చేసుకోవడం చేతులతో చేసి చూడాలి, అంటే పుల్లలు, వాటికి తోడుగా బొమ్మల కార్డులు కావాలి. బాబుకు గుర్తులు కలగలిపిన పది చిన్న లెక్కలు చాలు.

తెలుగులోనూ అంతే. "అమ్మ", "అక్క" తడుముకోకుండా చదివే పిల్లలు "పద్మ"ను "పదమ" అంటారు. వాళ్లకు ద్విత్వాలు వచ్చు, సంయుక్తాక్షరాల దగ్గర ఒత్తు వదిలేస్తున్నారు. "ఒత్తులు" అనే పేరుతో దొరికే ఇరవై పేజీల్లో వాళ్లకు కావాల్సింది మూడు పేజీలే ఉంటుంది.

కాబట్టి వెతికే ముందు ఒక వాక్యం రాసుకోండి: "మూడో తరగతి, అయిదుగురు, ద్విత్వాలు వచ్చు, సంయుక్తాక్షరాల్లో ఒత్తు వదిలేస్తున్నారు." దాని కింద ఇంకో రెండు సంగతులు చేర్చండి. ఆ పని చేసేటప్పుడు మీరు వాళ్ల దగ్గర ఉంటారా, వేరే తరగతితో ఉంటారా? బడిలో ఏమున్నాయి, టీవీనా, ప్రింటరా, నల్లబల్ల ఒక్కటేనా? మీరు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తున్నంతసేపు నాలుగో తరగతి తనంతట తాను చేసుకోగల ఇరవై నిమిషాల పని దొరికిందంటే, ఎంత అందమైన యానిమేషన్ వీడియో అయినా దాని ముందు దిగదుడుపే.

ఎక్కడ వెతకాలి

చేతిలో ఉన్న పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టండి. పాఠం పక్కన ఉండే క్యూఆర్ కోడ్ దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికకు తీసుకెళ్తుంది. 2017 సెప్టెంబర్ 5న మొదలైన ఈ వేదికను చాలామంది ట్రైనింగ్ కోర్సులకే తెరుస్తారు, పాఠాల వైపు వెళ్లరు. కెమెరా కోడ్‌ను పట్టుకోకపోతే దాని కిందే ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, దాన్ని టైప్ చేసినా చాలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు రెండు భాషల పుస్తకాలు ఉన్నాయి కాబట్టి మీడియం దగ్గర తెలుగు, ఇంగ్లీషు రెండూ ఎంచుకుని చూడండి. ఒకదాంట్లో దొరకనిది రెండోదాంట్లో ఉంటుంది. పక్క రాష్ట్రం బోర్డును ఎంచుకుని కూడా చూడండి. తీసివేత కృష్ణా జిల్లాలో ఒకలా, ఖమ్మంలో ఒకలా ఉండదు కదా. దీక్షాలో వీడియోల నాణ్యత మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొన్ని మంచివి, కొన్ని పాఠాన్ని పైకి చదివేసి ముగించేవి.

చదివించడానికైతే నేను ముందు చెప్పేది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో దీన్ని మొదలుపెట్టింది. తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఎందుకంటే అక్కడి కథలు ఎక్కువగా సీసీ బై లైసెన్సుతో ఉంటాయి. ఎవరి పని అన్నది చెప్పి ఏ అవసరానికైనా వాడుకోండి అని దాని అర్థం. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయివి 250 మాటల లోపు, రెండోవి 600 దాకా. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక కథను మొదటి స్థాయి అన్నప్పుడు చాలాసార్లు అది మూలభాషను బట్టి అన్న మాట. తెలుగులోకి వచ్చేసరికి మొదటి పేజీలోనే "ఆశ్చర్యం", "స్నేహితురాలు" లాంటివి తగులుతాయి. వాక్యం చిన్నదే, మాట పెద్దది. అందుకని స్థాయిని నమ్మి దించుకోకుండా రెండు పేజీలు పైకి చదివి చూడండి. కథ బాగుండి మాటలే బరువుగా ఉంటే అక్కడే లాగిన్ అయి, సులువు మాటలతో మీ వెర్షన్ తయారుచేసుకోవచ్చు. ఇది చాలామంది టీచర్లకు తెలియని సౌకర్యం.

పరిసరాల విజ్ఞానానికి, ఆకారాలకు అరవింద్ గుప్తా వెబ్‌సైట్ చూడండి. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, పారేసిన వస్తువులతో ఆటబొమ్మలు చేయించడమే జీవితంగా పెట్టుకున్న మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో త్రిభుజాలు, చతురస్రాలు, ఘనాలు చేయించే పద్ధతి ఆయనదే. త్రిభుజాన్ని నొక్కితే ఆకారం మారదని, చతురస్రం వంగిపోతుందని పిల్లలే పట్టుకుంటారు. ఆ వెబ్‌సైట్ పాతకాలం నాటిలా కనిపిస్తుంది, కంగారు పడకండి. ఫొటోలు చూస్తూ చేసేయొచ్చు, భాషతో పని పెద్దగా ఉండదు.

నాలుగు, ఐదు తరగతుల భిన్నాలకు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద కదిలించి చూసే ప్రయోగాలు) బాగుంటాయి. కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్‌ను ఫైలుగా దించుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో నడుస్తుంది. బడిలో ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉండి నెట్ లేనివాళ్లకు ఇది వరమే.

ఇవి కాక గూగుల్. ఒకే విషయాన్ని మూడు రకాలుగా వెతకండి: తెలుగు లిపిలో, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో, తర్వాత ఇంగ్లీషులో. "స్థానమార్పిడితో తీసివేత" (పక్కనుంచి పది అప్పు తెచ్చుకుని చేసేది) అని తెలుగులో కొడితే వచ్చేవి తక్కువ. దానికి కారణం మన దగ్గర లేకపోవడం కాదు. మన టీచర్లు తయారుచేసినవాటిలో చాలా భాగం డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో టైప్ చేసి పీడీఎఫ్ చేసినవో, ఫొటోలో తీసి పెట్టినవో అయి ఉంటాయి. వాటిలోని తెలుగు గూగుల్ వెతుకులాటకు సరిగ్గా అందదు. ఈ సంగతి పంచుకునేటప్పుడు మళ్లీ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

జల్లెడ పట్టడం

దొరికినదాన్ని వెంటనే ప్రింటుకు పంపకండి. ముందు మీరు పిల్లల్లా కూర్చుని పెన్సిల్‌తో పూర్తిచేయండి. జవాబు రాయడానికి గడి సరిపోతుందా, సూచన ఒకసారి చదివితే అర్థమవుతుందా, లెక్క రాకపోయినా బొమ్మలు లెక్కపెట్టి జవాబు రాసేయొచ్చా అన్నవి అప్పుడే తెలుస్తాయి. మూడోది చాలా వర్క్‌షీట్లలో ఉండే లోపం. పిల్లలు అన్నీ కరెక్టుగా చేస్తారు, కానీ నేర్చుకున్నదేమీ ఉండదు.

ఒకటో తరగతికైతే అక్షరాల వరస చూడండి. మీ వాచకంలో అక్షరాలు ఏ క్రమంలో వస్తున్నాయో, వర్క్‌షీట్ ఏ క్రమం పట్టుకుందో సరిపోల్చుకోవాలి. అ, ఆ, ఇ, ఈ అని వర్ణమాల వరసలో చేసిన పుస్తకాన్ని మధ్యలో ఇస్తే పిల్లలకు రాని అక్షరాలే సగం ఉంటాయి.

ఈమధ్య ఇంకో చిక్కు వచ్చింది. ఏఐతో చేయించిన ఫ్లాష్‌కార్డులు గ్రూపుల్లో తిరుగుతున్నాయి. రంగులు అదిరిపోతాయి, బొమ్మలో ఉన్న తెలుగు అక్షరం మాత్రం ఒక్కోసారి ఏ భాషకూ చెందదు. ఒత్తు ఒక అక్షరం కింద ఉండాల్సింది ఇంకోదాని కింద ఉంటుంది. ఏఐని ప్రశ్నలు, పదాల జాబితాలు తయారుచేయడానికి వాడుకోండి, బాగానే పనికొస్తుంది. కానీ బొమ్మలో రాసే అక్షరాలు మీరే టైప్ చేయండి. తప్పు అక్షరం గోడ మీద ఏడాదంతా వేలాడితే దాన్ని పిల్లల కళ్లలోంచి తీయడం కష్టం.

వీడియో అయితే చివరి సెకను వరకు చూడండి. యూట్యూబ్‌లో మధ్యలో వచ్చే యాడ్, అయిపోయాక దానంతటదే మొదలయ్యే తర్వాతి వీడియో మన చేతిలో ఉండవు.

బడికి సరిపోయేలా మార్చుకోవడం

రంగుల నేపథ్యం ఉన్న పేజీ జెరాక్స్‌లో నల్లగా మసిబారిపోతుంది. గీతల బొమ్మలున్నవే ఎంచుకోండి, లేదా నేపథ్యం తీసేయండి. ఒక ఏ4 కాగితానికి రెండు పేజీలు వేయిస్తే ఖర్చు సగమవుతుంది. అయితే ఒకటి, రెండు తరగతులకు ఆ పని చేయకండి, అక్షరం చిన్నదైపోతుంది. పదే పదే వాడే కార్డులను ప్లాస్టిక్ కవర్లో పెట్టి పైన బోర్డు మార్కర్‌తో రాయిస్తే ఒకే ప్రింటు చాలాకాలం వస్తుంది. స్కూల్ గ్రాంటు ఎప్పుడు పడుతుందో, జేబులోంచి ఎంత పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

టీవీలో చూపించాలంటే వీడియోను ఎంపీ4గా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. యూట్యూబ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసింది ఆ యాప్‌లోనే ఆడుతుంది, పెన్‌డ్రైవ్‌లోకి రాదు. చాలా టీవీలు పీడీఎఫ్ తెరవవు, కథల పేజీలను బొమ్మలుగా మార్చి ఫోల్డర్‌లో పెట్టండి. ఇంకో చిన్న విషయం: పెన్‌డ్రైవ్‌లో ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి. కొన్ని టీవీల్లో తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తాయి, ఏది ఏదో తెలియక తరగతి ముందు నిలబడి టెన్షన్ పడాల్సి వస్తుంది.

పంచుకోవడం: ముందు ఆ నాలుగు ముక్కలు

పిల్లలతో చేయించనిదాన్ని గ్రూపులో పెట్టకండి. "తర్వాత ఎవరికైనా పనికొస్తుందిలే" అని ఫార్వర్డ్ చేసేదే గ్రూపును చెత్తకుండీ చేస్తోంది. చేయించాక, ఫైలుతో పాటు ఒక నోట్ రాయండి. అది ఇలా ఉండొచ్చు:

"మూడో తరగతి. సంయుక్తాక్షరాల్లో ఒత్తు వదిలేసే పిల్లలకు. ద్విత్వాలు ముందే వచ్చి ఉండాలి. రెండు పేజీలు, 12 కార్డులు, నలుపు తెలుపు ప్రింటు చాలు. ఇద్దరిద్దరు కలిసి ఆడాలి, 15 నిమిషాలు, టీచర్ పక్కన ఉండక్కర్లేదు. 'విశ్వం' కార్డు ఎవరికీ అర్థం కాలేదు, నేనైతే తీసేశాను. చదవడంలో తేడా కనిపించింది, రాయడంలో కనిపించలేదు, రాతకు వేరే పని చూసుకోవాలి. బొమ్మలు స్టోరీవీవర్ నుంచి, బొమ్మలేసినవాళ్ల పేరు రెండో పేజీ కింద ఉంది. మాటలు నావి, ఎవరైనా మార్చుకోవచ్చు."

ఇందులో అన్నిటికంటే విలువైనవి పని చేయని భాగం గురించిన రెండు వాక్యాలు. మన కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) మీటింగుల్లో వాటినే ఎవరూ చెప్పరు. టీఎల్ఎం (బోధన సామగ్రి) ప్రదర్శన అంటే థర్మాకోల్ అందంగా ఉండటమే అన్నట్టు తయారైంది. నిజానికి పక్క బడి టీచర్‌కు కావాల్సింది మీ కార్డు ఎక్కడ దెబ్బతింటుందన్నదే. మీటింగుకు కొత్త చార్టుకు బదులు పిల్లలు పూర్తిచేసిన, కొట్టివేతలున్న కాగితాలు రెండు తీసుకెళ్లండి. వాటి మీద జరిగే చర్చ వేరేగా ఉంటుంది.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు పాఠం నంబరు వాడకండి. రెండు రాష్ట్రాల పుస్తకాలు వేరు, పుస్తకాలు మారితే నంబర్లూ మారతాయి. "మూడో తరగతి, గణితం, స్థానమార్పిడి తీసివేత, కార్డులు" అని నైపుణ్యం పేరుతో పెడితే పదేళ్ల తర్వాతైనా దొరుకుతుంది.

టైప్ చేసేది యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే పద్ధతిలో చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. యూనికోడ్‌లో ఉంటే గూగుల్ వెతికి పట్టుకుంటుంది, తోటి టీచర్ ఒక మాట మార్చుకోగలుగుతారు, చూపు లేని టీచర్లు స్క్రీన్ రీడర్‌తో వినగలుగుతారు. మీ దగ్గర పాత ప్రింట్లు ఉంటే ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను చాలా వరకు గుర్తుపట్టి ఇస్తుంది. ఒత్తుల దగ్గర మాత్రం తడబడుతుంది, ఒకసారి దిద్దుకోవాలి. సాధ్యమైనప్పుడు పీడీఎఫ్‌తో పాటు మార్చుకోవడానికి వీలైన ఫైలు కూడా ఇవ్వండి. కోస్తాలో చేసిన బొమ్మల కార్డు మీద "ఆనపకాయ" అని ఉంటే, "సొరకాయ" అనే ఊళ్లో టీచర్ నిమిషంలో మార్చేసుకుంటారు.

ఎక్కడ దాచాలి

వాట్సాప్ కబురు అందించడానికే, దాచడానికి కాదు. కొన్నాళ్ల తర్వాత ఆ ఫైలు తెరవబోతే మళ్లీ పంపమని అడుగుతుంది, పంపినవాళ్లు ఫోన్ మార్చేసి ఉంటారు. ఫొటో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

కాంప్లెక్స్ అంతటికీ కలిపి ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ పెట్టుకోండి. ఉచితంగా 15 జీబీ వస్తుంది, వర్క్‌షీట్లకు బోలెడు. ఒకరి సొంత జీమెయిల్‌లో మాత్రం పెట్టకండి. బదిలీ అయితే ఫోల్డర్ కూడా వాళ్లతోనే పోతుంది. దీనికోసమే ఒక ఖాతా తెరిచి ఇద్దరు ముగ్గురు బాధ్యత తీసుకోండి. రెండేళ్లు ఎవరూ ముట్టుకోని ఖాతాను గూగుల్ తీసేసే అవకాశం ఉంది కాబట్టి మధ్యమధ్యలో లాగిన్ అవుతుండాలి. షేరింగ్ దగ్గర "లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని మార్చండి. ఇది మర్చిపోతే రాత్రి పదింటికి పర్మిషన్ కోరుతూ మెయిళ్లు వస్తూనే ఉంటాయి. మార్చే హక్కు మాత్రం ఆ ఇద్దరు ముగ్గురికే ఉంచండి.

నెట్ అందని బడికి ఇవ్వాలంటే పెన్‌డ్రైవే దారి. దీక్షా యాప్‌లో దించుకున్నదాన్ని ఫైలుగా మరో ఫోన్‌కు పంపొచ్చు, ఆ ఫోన్‌లోనూ యాప్ ఉంటే చాలు.

పంపకూడనివి

గైడ్ పుస్తకం పేజీలు స్కాన్ చేసి తరగతిలో చూపించడం వేరు, గ్రూపుల్లో, యూట్యూబ్ ఛానెల్లో పెట్టడం వేరు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పాఠం చెప్పే క్రమంలో టీచర్ గానీ విద్యార్థి గానీ చేసుకునే ప్రతికి మినహాయింపు ఇస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మినహాయింపును విశాలంగానే చూసింది. అయినా అది బోధన కోసం ఇచ్చింది, ఊరంతటికీ పంచిపెట్టడానికి కాదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలైతే ఫైలు పంపే బదులు ఎస్‌సీఈఆర్‌టీ (పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ) లింక్ పంపండి, కొత్త ముద్రణ వచ్చినప్పుడు పాతది తిరగకుండా ఉంటుంది. ఇంకొకరు చేసినదాని మీద వాళ్ల పేరు చెరిపి మీ బడి పేరు వేయకండి. ఇది ఎంత మామూలైపోయిందంటే, మంచివి తయారుచేసే టీచర్లు కొందరు బయటపెట్టడమే మానేశారు.

పిల్లల ఫొటోల విషయంలో ఇంకా జాగ్రత్త. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, "చదవడం రాని పిల్లలు" అనే శీర్షిక కింద ఒక పాప ముఖం మండలమంతా తిరగడం న్యాయం కాదు. పనిచేస్తున్న చేతులు, కాగితం ఫ్రేములో ఉంటే చాలు. కాగితం మీద పేరు, నంబరు ఉంటే కత్తిరించి పంపండి.

ఏడాదికొకసారి, వేసవి సెలవుల్లో, బాధ్యత తీసుకున్న ఇద్దరు ముగ్గురూ కూర్చుని ఫోల్డర్ తిరగేయాలి. పని చేయని లింకులు, రెండుసార్లు చేరినవి, నోట్ లేనివి తీసేయాలి. నోట్ లేనివాటిని తీసే ముందు పెట్టినవాళ్లకు ఒకసారి ఫోన్ చేసి అడగండి, చాలామంది ఫోన్లోనే చెప్పేస్తారు. వాళ్లు చెప్పింది మీరే టైప్ చేసి అక్కడే పెట్టేయండి.